నక్షత్రం లోపలి మూల

జీపుల పోయిన తొవ్వ

బస్సులు బందున్నప్పుడే నీకు ఊర్లు తిరగబుద్ధైతదా అని మా అమ్మ తిట్టంగ తిట్టంగనే సంచి సర్దుకున్న. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. ఆఫీసులు బంద్, బళ్లు బంద్, బస్సులన్నీ డిపోలల్ల పండుకున్నయి. హన్మకొండల ఆడపిల్లల బడిల డ్రాయింగు చెప్పేదాన్ని నేను. చేతిల సుద్దముక్క లేక వేళ్లు గుంజుతున్నయి. గసొంటప్పుడు శ్రీలత ఫోన్ చేసింది.

శ్రీలత హాస్టల్ల ఉండి నా దగ్గర చదువుకున్న పిల్ల. పుట్టినిల్లు సిరిసిల్ల, అత్తగారిల్లు జగిత్యాల. దాని తమ్ముడు రమేశ్ సిరిసిల్లల పవర్‌లూమ్ నడిపేటోడు. పోయిన చలికాలం రాస్తారోకోల కూసున్నప్పుడు, మసకచీకట్ల ఒక లారీ రాళ్ల అడ్డం చూడక మీదికి వచ్చింది. పిలగాడు అక్కడికక్కడనే పోయిండు. ఇప్పుడు వాని దోస్తులు చందాలేసుకొని అదే చౌరస్తాల స్తూపం కడ్తమంటున్నరు. బతుకమ్మ పండుగ ఎల్లేలోపల పని మొదలువెట్టాలని వాళ్ల పట్టుదల. కని ఒక్కటే అడ్డం. వాళ్లమ్మ రాజవ్వ ఊ అననిదే ఇటుక పెట్టేది లేదని వాళ్లే ఒట్టేసుకున్నరు. ఇప్పటికి ఇద్దరు నక్షలు గీసి తెచ్చినరట. రాజవ్వ రెండింటినీ చూసింది. అవునన్లే, కాదన్లే, లేచి ఇంట్లకు పోయింది.

"మేడం, మీరు గీస్తె మా అమ్మ కాదనదు" అన్నది శ్రీలత.

ఇసొంటి మాట వింటె నాకు రెక్కలొస్తయి. ముందుగాల జగిత్యాలకు రమ్మన్నది. ఆడికెళ్లి కోరుట్ల పోయి మేస్త్రిని వెంబడి తీస్కొని సిరిసిల్లకు పోదామన్నది. సరే అన్న.

కరీంనగర్ దాక ఒక జీపు, ఆడికెళ్లి ఇంకో జీపు. ఎప్పుడిచ్చే కిరాయికి డబులు గుంజిండు డ్రైవరు. ఇదేందని లొల్లి పెడితె, తెలంగాణ వచ్చినంక ఫ్రీగ తీస్కపోతా అక్కా అన్నడు. జీపంత నవ్వింది, నేను గూడ నవ్విన. బండి నంబరు ప్లేటు మీద ఏపీ అనే అక్షరాలు గీకేసి టీజీ అని ఎర్ర రంగుతోని రాసిండు. ఆ టీ సొట్ట పోయింది. డ్రాయింగు టీచర్ను కద, చూసి ఊకోబుద్ధి కాలే, ఎవలు రాసిండ్రు అని అడిగిన. నేనే రాసిన అని మీసం తిప్పిండు. ఇగ నోరు మూసుకున్న. మనసుపెట్టి రాసిన అక్షరం సొట్టవోతె మాత్రం ఏమున్నది!

గంగాధర కాడ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగ పొయ్యిలు పెట్టి ఊరు ఊరే వండుతున్నది. తినకుంట పోతె బండి కదలనియ్యమన్నరు. మోదుగాకు ఇస్తారిల ఇంత పులిహోర, ఇంత టమాట తొక్కు వేసినరు. నా పక్కన కూసున్న ముసలామె ఒడిల గునుగుపూల సంచి ఉన్నది. బతుకమ్మకు మీ దిక్కు గునుగు దొరుకతదా బిడ్డా అని అడిగింది. మాకు బజార్ల కొనుక్కునుడే అంటె, పూలు కొంటరా అని నా దిక్కు జాలిగ చూసింది.

నక్షత్రం యాడున్నది?

జగిత్యాల కోట నక్షత్రం ఆకారంల కట్టినరని ఎప్పుడో చదివిన. స్తూపం నక్ష గీసే పని మీద పోతున్నదాన్ని, ఇది చూడకుంట ఎట్ల ఉంట? తెల్లారి శ్రీలతను వంటకు వదిలిపెట్టి నేనొక్కదాన్నే కోటకు పోయిన.

చుట్టూ కందకం, అండ్ల నాచు, పచ్చటి నీళ్లు. గోడ పోతది, మలుగుతది, మల్ల పోతది, మల్ల మలుగుతది. తిరిగిన, తిరిగిన, నక్షత్రం యాడా కనవడలే. కోపమొచ్చింది. నక్షత్రం కాయిదం మీద గీసినాయనకు కనవడ్డది, పైన తిరిగే గద్దకు కనవడ్తది. కింద నిలవడ్డోళ్లకు అది వంకర గోడ, గంతే.

ఆ ఆకారం అందం కోసం పెట్టింది గూడ కాదు. శత్రువు ఏ గోడ కింద దాక్కున్నా పక్కన ముల్లు లెక్క పొడుచుకొచ్చిన కొస మీది ఫిరంగికి దొరకాలె. దాక్కునే సందు ఉండొద్దని లెక్కవేసుకుంట గీస్తె నక్షత్రం అయింది. మనుషులను చంపే లెక్క గింత సక్కదనంగ ఎట్ల తేలిందో అని ఆలోచించుకుంట ఆడనే నిలవడ్డ. నిలవడితె నెత్తి మాడిపోతున్నది. ఆశ్వీజ మాసపు ఎండ మా దిక్కు గూడ ఉంటది కని గింత ఘోరం కాదు.

"గా ఎండల ఏం చూస్తున్నవు, ఇటు రా" అని పిలుపు వినవడ్డది. రెండు గోడలు లోపలికి కలిసే మూలల ఒకామె కాళ్లు చాపుకొని కూసున్నది. మేకలు గూడ ఆ నీడకే ముడుచుకొని ఉన్నయి. పోయి పక్కన కూసున్న. రెండు దిక్కుల గోడ, వీపుకు చల్లగ రాయి. పాణం సల్లవడ్డది. ఇది నక్షత్రం కోట, ఎరుకేనా అని ఆమెకు చెప్పవోయిన. ఆమెకు పట్టలే. పొద్దుగాల గా మూలకుంటదట, పగటీలి ఈ మూలకొస్తదట, పొద్దుమీకి అవుతలి మూలకు పోతదట. యాడనో ఒక్కకాడ నీడ ఉండనే ఉంటదని చెప్పి, నా బాటిల్ల నీళ్లన్నీ తాగి, మేకలను అదిలించుకుంట పోయింది.

నేనైతె ఆమె మాట ఆడనే మర్చిపోయిన. ఎనిమిది ముల్లుల నక్షత్రాన్ని బొమ్మల పుస్తకంల గీసుకొని, సిరిసిల్లల దీన్నే లేపాలని గట్టిగ అనుకున్న.

పిండిల పువ్వు

ఇంటికొచ్చేవరకు శ్రీలత అత్త సర్వప్ప పెడ్తున్నది. మా హన్మకొండల సర్వపిండి అంటం. పేరే వేరు, పిండి అదే: బియ్యప్పిండి, నానిన శెనగపప్పు, నువ్వులు. కని ఇక్కడ నువ్వులు పోసే తీరు చూస్తె మేమంత పిసినారులమని తెలిసింది.

గంజు గిన్నెల పిండి ఒత్తినంక వేలుతోని బొక్కలు పొడుస్తరు. మేము ఇష్టమొచ్చినకాడ పొడుస్తం. ఆమె నడుమ ఒకటి, సుట్టూ ఆరు, మల్ల వాటి సందులల్ల ఇంకిన్ని. చూస్తె పువ్వు. బొక్కలు ఎందుకు అంటె నూనె దిగేటందుకు అన్నది. మరి పువ్వు లెక్క ఎందుకు అంటె, ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలే. అట్లనే పొడుస్తం గద అన్నది. నేను ఊకోకుంట, పువ్వు లేకున్నా నూనె దిగుతది గద అని మల్ల అడిగిన. దిగుతది కని ఒక్కకాడ మాడుతది, ఒక్కకాడ పచ్చిగుంటది అన్నది. మరి అందం కోసం కాదా అంటె, అందం కోసం గూడ అన్నది. ఇగ మాటలు ఆపి తినమన్నది.

రాత్రి పండుకున్నంక గూడ అదే మెదిలింది. పనికొచ్చేది ఒకటి, అందం ఇంకోటి అని బడిల పిల్లలకు వేరువేరుగ చెప్తం. ముందుగాల ఆకారం, తర్వాత అలంకారం. ఆమె వేలు పిండిల దిగినప్పుడు ఏది ముందు దిగింది? నాకైతె తెలువలే. నాలుగు తిన్న మాట మాత్రం నిజం.

కోరుట్ల: మేస్త్రితోని లొల్లి

కోరుట్లకు షేర్ ఆటో. నడుమ ఒక ఊరి కాడ ర్యాలీ వస్తె ఆటో పక్కకు ఆపి మేము గూడ జై తెలంగాణ అని అరిచినం. శ్రీలత గొంతు మధ్యల ఆగిపోయింది. తమ్ముడు యాదికి వచ్చిండని తెలిసి చెయ్యి పట్టుకున్న.

యూసుఫ్ మేస్త్రి రమేశ్‌కు బాగ తెలిసిన మనిషి. సిరిసిల్లల రెండు లూమ్ షెడ్లు కట్టిండు, అప్పుడే దోస్తానా. కూలి తీస్కోకుంట కడ్తనన్నడు. అరవై దాటినట్టుంటడు, గడ్డానికి హెన్నా. ఇంట్ల ఆయన భార్య షమీం బీడీలు చేస్తున్నది. రేకు ముక్క ఆకు మీద పెట్టి కత్తెరతోని చుట్టూ కత్తిరిస్తది, ఆకుల ఈనె ఎటున్నదో చూడకుంటనే ఆమె చెయ్యి ఆకును తిప్పుకుంటది.

నేను తెల్లారగట్ల లేచి గీసిన నక్ష ఆయన ముంగట పరిచిన. ఎనిమిది ముల్లుల నక్షత్రం, మూడు అంతస్తుల పీఠం, మీద సన్నటి పొడుగు స్తంభం. దాని కొనకు నాడె. నాడె అంటె మగ్గం మీద అడ్డం దారాన్ని అటిటు మోసే పడవసొంటిది. నేతపని పిలగానికి అంతకన్న తగిన గుర్తు ఏముంటది? నాకే ఒళ్లు జలదరించింది. కాకి పిల్ల కాకికి ముద్దు.

మేస్త్రి చాలాసేపు చూసిండు. ఖూబ్‌సూరత్ అన్నడు. నేను ఉబ్బిన. ఆ వెంబడే, ముల్లులు మొద్దు చెయ్యాలన్నడు. సన్న మూల ఇటుకతోని నిలవదట, బండి తగిలినా కొస రాలుతదట. పైకెళ్లి మెరిసే గ్రానైటు టైల్సు వేస్తనన్నడు. సుట్టూ స్టీలు గ్రిల్లు పెట్టి గేటుకు తాళం వేస్తనన్నడు. కుక్కలు రావు, తాగుబోతులు రారు అన్నడు.

టైల్సు పేరు వింటె నాకు ముక్కు మీదికొస్తది కోపం. ఇది స్తూపమా, స్నానాల గదా అని అడిగిన. నక్షత్రం ముల్లులు మొద్దు చేస్తె నక్షత్రం యాడుంటది అని అడిగిన. ఆయన తక్కువోడా? నలభై ఏండ్ల సంది కడ్తున్న, నువ్వెన్ని కట్టినవు అన్నడు. శ్రీలత ఇద్దరి నడుమ తల అటిటు తిప్పుకుంట కూసున్నది. ఆఖరుకు షమీం, ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు, చాయ్ తాగుండ్రి అని కప్పులు తెచ్చి నా నక్ష మీదనే పెట్టింది. ఆమె చేతులకున్న తంబాకు పొడి నక్షకు అంటుకున్నది. కాయిదం విప్పినప్పుడల్లా తుమ్ములే. కథలాపూర్, రుద్రంగి, వేములవాడ దాటి సిరిసిల్ల చేరేదాక నేనూ మేస్త్రీ మాట్లాడుకోలే, వంతులేసుకొని తుమ్మినం.

సిరిసిల్ల: సప్పుడు లేని షెడ్లు

సిరిసిల్లల అడుగు పెడితె ముందుగాల చెవులకు తెలుస్తదని అంటరు. మేము పోయేవరకు ఊరంత మూగగున్నది. బొగ్గు గనులల్ల గూడ సమ్మె, కరెంటు కోత, సాంచెలన్నీ ఆగినయి. పవర్‌లూమ్‌ను ఇక్కడ సాంచ అంటరు. అది ఆడితెనే కూలి. ఆడకున్నా ఎవలూ సమ్మెను తిట్టలే, కరెంటును తిట్టిండ్రు.

రాజవ్వ దారం కండెలు చుట్టే షెడ్డుల కూసొని ఉన్నది. యాభై దాటిన మనిషి, భర్త ఎప్పుడో పోయిండు. నెత్తి మీద కొంగు, మాట తక్కువ. సాంచ మీద సగం నేసి ఆగిన తెల్లబట్ట ఉన్నది. చీర కింద కట్టే లంగాల బట్ట. ఊకె ఉండక అడిగిన: ఒకప్పుడు మీ ఇండ్లల్ల చేతిమగ్గాల మీద అంచులు, పువ్వులు నేసేటోళ్లు గద, ఇప్పుడు ఎవలకూ కనవడని బట్ట నేస్తుంటె మనసొప్పుతదా? ఆమె బట్ట అంచును వేళ్ల నడుమ పట్టుకొని చూసి, కట్టుకున్నామెకు తెలుస్తది గద అన్నది. గంతే.

సాయంత్రం ఇంటి ముంగట చాప వేసిండ్రు. రమేశ్ దోస్తులు ఐదారుగురు వచ్చిండ్రు. తుమ్ముకుంటనే నక్ష విప్పిన. పిలగాండ్ల కండ్లు మెరిసినయి. నాడెను చూసి ఒకడైతె కండ్లు తుడుచుకున్నడు. రాజవ్వ వంగి చూసింది. చిటికెన వేలు స్తంభం మీది నాడె మీద పెట్టి కిందిదాక తెచ్చింది.

"మంచిగున్నది" అన్నది.

ఇది వరకు ఆమె ఆ మాట గూడ అన్లేదట. శ్రీలత నా చెయ్యి నొక్కింది. నేను మేస్త్రి దిక్కు గర్వంగ చూసిన. అంతల్నే రాజవ్వ మోకాళ్ల మీద చేతులేసి లేచింది. మొదలు రెండు నక్షలకు లేచినట్టే. శ్రీలత అడ్డం పడ్డది. మల్ల ఎందుకు లేస్తున్నవు, ఏం కావాల్నో నోరు తెరిచి చెప్పరాదే అని ఏడుపు గొంతుతోని అడిగింది.

రాజవ్వ కూతురును చూడలే, నన్ను చూసింది.

"నేను యాడ కూసోవాలె?"

శ్రీలతనే మెల్లగ చెప్పింది. కొడుకు పోయినప్పటికెళ్లి రోజూ పొద్దుమీకి రాజవ్వ ఆ చౌరస్తాకు పోయి రోడ్డు అంచున ఒక రాయి మీద కూసుంటది. లారీలు మీదికెళ్లి పోయినట్టే పోతయి. చూసినోళ్లు చెయ్యి పట్టి ఇంటికి తోలుకొస్తరు. తెల్లారి మల్ల పోతది. స్తూపం లేస్తె ఆ రాయి తీసేస్తరు. ఇంతకు ముందటి రెండు నక్షలల్ల గ్రిల్లున్నది. నా దాంట్ల గ్రిల్లు లేదు కని, చుట్టూ ముల్లులే.

నేను తగ్గలే. నా పని అసొంటిది, గీత మీద ఎవలన్న చెయ్యి పెడితె ఊకోను. అక్కా, ఇది దండం పెట్టుకునే జాగ, కూసునే అరుగు కాదు అన్న. కూసునేటట్టు కడితె పోరగాండ్లు పేక పత్తలాడ్తరు, బీడీలు తాగుతరు అన్న.

"ఆడనియ్యి. వాడు గూడ ఆడిండు" అన్నది రాజవ్వ.

నక్ష చుట్టి సంచిల పెట్టుకున్న.

రాయి మీద

తెల్లారి పగటీలి చౌరస్తాకు తీస్కపొమ్మని నేనే రాజవ్వను అడిగిన. రోడ్డు పక్కకు ఖాళీ జాగ, దాన్నే స్తూపానికి అనుకున్నరు. రోడ్డు అంచుకు ఆ రాయి. పక్కపక్కన కూసున్నం. లారీ ఒకటి పోయింది, నోటినిండ దుమ్ము. ఎండకు రాయి కాలుతున్నది, కొంగు మడిచి కింద వేసుకున్న. ఇక్కడ రోజూ ఎట్ల కూసుంటవు అక్కా అంటె, పొద్దుమీకి జర సల్లవడ్తది అన్నది. వాడు చిన్నప్పుడు ఎండకు తట్టుకోకపోయేటోడని, కొంగు కిందనే నడిచేటోడని చెప్పింది. అదొక్కటే ఆమె కొడుకు గురించి నాతోని చెప్పింది.

కొంగు, నీడ అనంగనే నాకు మేకలామె యాదికి వచ్చింది. గా మూల, ఈ మూల, యాడనో ఒక్కకాడ నీడ. నేను కోట చుట్టూ ముల్లులనే చూసుకుంట తిరిగిన. ఆమె ముల్లుల నడుమ సందులల్ల బతుకుతున్నది. దాక్కునే జాగ ఉండొద్దని కట్టిన కోటల కూసునే జాగను ఆమె కనిపెట్టింది. నేను గూడ ఆ మూలలనే కూసొని, వీపుకు రాయి చల్లగ తాకంగ, ముల్లులనే బొమ్మ గీసుకున్న. గింత తెలివి!

పుల్ల తీస్కొని మట్టి మీద గీసిన. పీఠం అంతస్తులు తీసేసిన. నక్షత్రం గోడలను కూసున్నోళ్ల తల దాక లేపి, ప్రతి లోపలి మూలకు ఒక అరుగు పెట్టిన. ఎనిమిది మూలలు. పొద్దు ఎటున్నా ఒక మూలకు నీడ. నడుమ స్తంభం పొట్టిగ, నాడె అట్లనే. దూరంకెళ్లి చూస్తె నక్షత్రం ఎవలకూ కనవడది. లోపల కూసున్నోళ్లకు తెలుస్తది. మొదటి దాని కన్న ఇది అందంగుందా అని అడిగితె కాయిదం మీద లేదనే చెప్త. అందం కోసం గీసింది కాయిదం మీద మెరిసింది, కూసునుడు కోసం గీసింది కాయిదం మీద మొద్దుగున్నది. కని ఇది కాయిదం మీద ఉండేది కాదు.

మేస్త్రిని పిలిపించి, ముల్లు కొసలు మొద్దు చెయ్యి భాయ్, కూసున్నోళ్ల మోకాళ్లకు తాకొద్దు అన్న. ఆయన పొద్దుమూకేదాక నవ్వుకుంటనే ఉన్నడు. టైల్సు మాత్రం వేయనియ్యలే నేను.

సున్నం గీతలు

కాయిదం మీద మల్ల గీయలే. నేల మీదనే కొలతలు పెట్టి చూద్దామన్నడు మేస్త్రి. తాడు గుంజి, పిడికిలితోని సున్నం పోసుకుంట పునాది గుర్తులు పెట్టిండు. పొద్దు వాలేవరకు ఖాళీ జాగల తెల్లటి నక్షత్రం ఒకటి లేచింది. రాజవ్వను పిలిచి, రోడ్డుకు దూరంగున్న మూలను చూపెట్టి కూసొమ్మన్నం. ఆమె చెప్పులు విడిచి, సున్నం తొక్కకుంట లోపలికి పోయి, మూలల కూసున్నది. గోడలు లేవు, అరుగు లేదు, ఒట్టి గీతలే. మోకాళ్లు ముడుచుకొని అటిటు చూసింది. ఈసారి మాత్రం లేవలే.

అంతల్నే వాడకట్టు ఆడోళ్లు బతుకమ్మలు పట్టుకొని చౌరస్తాకు వచ్చిండ్రు. నేనూ మేస్త్రీ తాడు చుట్టుకుంటున్నం. ఒక ముసలామె వచ్చి నక్షత్రం నడుమ తన బతుకమ్మను దించింది. వెనకనే ఇంకొకామె, ఇంకొకామె. ఎవలో పుణ్యాత్ములు పండుగకని ఎంత పెద్ద ముగ్గు వేసిండ్రో అనుకుంట మురుసుకుంట దించుతనే ఉన్నరు. మేస్త్రి నెత్తి పట్టుకున్నడు. అవి పునాది గుర్తులు తల్లీ, చెడిపోతయి అని అరిచిండు. చప్పట్లు మొదలైనయి, ఆయన మాట ఎవలింటరు? నేను ఆపవోయిన, శ్రీలత నా కొంగు గుంజింది.

నడుమ బతుకమ్మలు, మూలకు రాజవ్వ, చుట్టూ ఆడోళ్లు. కొడుకు పోయి యాడాది కాని ఇల్లు, ఆమెకు ఈయేడు పండుగ లేదు. ఒకామె అదే అన్నది, ఆమెను అండ్లకెళ్లి లేపుండ్రి అని. రాజవ్వ వినుకున్నది, లేవవోయింది. ముందు బతుకమ్మ దించిన ముసలామె వంగి ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందికే ఒత్తింది. ఆమె జాగల ఆమె కూసున్నది, మీ జాగల మీరు తిరుగుండ్రి అన్నది. మల్ల చప్పట్లు అందుకున్నది.

తిరుగుతున్న ప్రతి ఆడమనిషి మొఖం రాజవ్వ ముంగటికెళ్లి పోతున్నది. మూలకు వచ్చేవరకు అందరూ జర పక్కకు జరిగి పోతున్నరు. ఆమె చేతులు ఒడిలనే ఉన్నయి. చప్పట్లు కొట్టలే, పాడలే. చూపుడు వేలు మాత్రం మోకాలి మీద తాళం వేస్తున్నది. నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే. నక్ష గీసుడు వచ్చినప్పటికెళ్లి నేను గీసిన దాని లోపల మనిషిని చూసుడు అదే మొదటిసారి.

పొద్దుగాల

తెల్లారి తిరుగు ప్రయాణం. జీపు దొరికేలోపల చౌరస్తాకు పోయిన. మేస్త్రి ముందే వచ్చి నడుముకు చేతులు పెట్టుకొని నిలవడ్డడు. నక్షత్రం లేదు. గన్ని పాదాలకు సున్నమంత మట్టిల కలిసింది, తంగేడు పూలు అక్కడక్కడ నలిగి ఉన్నయి. ఒక్కకాడ మాత్రం రెండు గీతలు చెక్కుచెదరకుంట కలుస్తున్నయి. రాజవ్వ కూసున్న మూల. ఆమెను తప్పిచ్చుకుంట తిరిగిండ్రు గద, అక్కడ ఎవలూ తొక్కలే.

ఆడికెళ్లే మల్ల కొలుస్త అని మేస్త్రి టేపు తీసిండు. శ్రీలత, రాజవ్వ గూడ వచ్చిండ్రు. చెప్పమనకుంటనే రాజవ్వ చెప్పులు విడిచి, రాత్రి కూసున్న కాడనే కూసున్నది. అరుగు ఎంత వెడల్పు పెట్టాలె అక్కా అని మేస్త్రి అడిగిండు.

రాజవ్వ జర పక్కకు జరిగింది. ఖాళీ అయిన జాగను అరచెయ్యితోని తుడిచింది.

"ఇద్దరు కూసునేటంత" అన్నది.

మేస్త్రి టేపు ఇంకింత గుంజిండు.